అప్‌డేట్ వచ్చిందంటే ఎవరికి వచ్చినట్టు?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో కంప్యూటర్ ఆటల పేజీ చదివాను. ఒక వ్యూహాల ఆటకు పెద్ద అప్‌డేట్ వచ్చిందనీ, ఇక ఎవరి దగ్గర ఏ యంత్రం ఉన్నా అందరూ కలిసి ఆడుకోవచ్చనీ, ఇంకా ఎందుకు ఆలస్యమనీ అందులో రాశారు. రాసినవారి ఉత్సాహాన్ని తప్పుపట్టను. కాకపోతే ఆ రోజుకు ఆ అప్‌డేట్ విండోస్‌కు మాత్రమే వచ్చింది. యాపిల్ వారి మ్యాక్ కంప్యూటర్లు ఉన్నవాళ్లకు తర్వాత ఇస్తామని కంపెనీ తన ప్రకటన అడుగున చిన్న అక్షరాల్లో పెట్టింది. మీ పేజీలో ఆ చిన్న అక్షరాలు కూడా లేవు. ఆ వదిలేసిన ముక్క గురించే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, ఓపిక పట్టి చదవండి.

నేను పుస్తకాల పేజీలు కూర్చే పనిలో ఉన్నాను. మొదటి నుంచీ ఈ పని మ్యాక్ మీదే చేస్తున్నాను, చెయ్యి దానికే అలవాటు పడింది. మ్యాక్ కొనుక్కున్నవాళ్లకు ఆటలెందుకని అడిగేవాళ్లు నాకు చాలామంది తెలుసు. పగలంతా అక్షరాల మధ్య ఖాళీలు సరిచేసే మనిషికి రాత్రిపూట ఒక నగరాన్ని కట్టుకోవాలనో, పక్కవాడి నగరాన్ని కూల్చాలనో అనిపిస్తే అందులో వింతేమీ లేదు. శనివారం రాత్రి మా తమ్ముడు, వాడి కూతురు, మా అక్కగారి భర్త, నేను, నలుగురం ఎవరి ఇంట్లో వాళ్లం కూర్చుని ఒకే ఆట ఆడతాం. ఒక్కో ఆట వారాల తరబడి సాగుతుంది. బావగారు నెమ్మదిగా ఆడతారు. తమ్ముడు మాట ఇచ్చి తప్పుతాడు. మేనకోడలు మా అందరి కంటే బాగా ఆడుతుంది. నలుగురిలో మ్యాక్ ఉన్నది నా ఒక్కదాని దగ్గరే.

ఏ గొడవా లేని రోజున అసలు ఈ తేడానే గుర్తుకు రాదు. ఆట తెరవగానే, మేం నలుగురం చేరడానికి ఆన్‌లైన్‌లో తమ్ముడు పెట్టిన గది పేరు వరుసలో కనిపిస్తుంది, నొక్కితే లోపలికి వెళ్తాను. అప్‌డేట్ వచ్చిన వారం మాత్రం అదే గది పేరు బూడిద రంగులో ఉంటుంది. నొక్కితే, మీ వెర్షనూ గది పెట్టినవారి వెర్షనూ సరిపోలడం లేదని ఒక వాక్యం వస్తుంది. దాని కింద ‘సరే’ అని ఒకే ఒక్క బటన్. సరే కాదనడానికి బటన్ లేదు.

తప్పు మా తమ్ముడిది కాదు. వాడు ఏమీ నొక్కలేదు. కంప్యూటర్ తెరిచి ఉన్నప్పుడు ఆటల స్టోరు తనంతట తానే కొత్త వెర్షన్ దించేసుకుంది. పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లడానికి కొన్ని ఆటల్లో వీలుంటుంది. ఆట పేరు మీద కుడి బటన్ నొక్కి, దాని వివరాల్లో బీటాల జాబితా తెరిస్తే, తయారీదారు ఉంచిన పాత వెర్షన్లు కనిపిస్తాయి. ఉంచితే. మేం ఆడే ఆటలో ఉంచలేదు. తమ్ముడు అన్ని మూలలూ వెతికి, ఆ జాబితా ఖాళీగా ఉన్న చిత్రం తీసి నాకు పంపించాడు. సగంలో ఉన్న ఆట ఫైలు వాడి దగ్గర కొత్త వెర్షన్‌లో తెరుచుకుంటుంది, నా దగ్గర తెరుచుకోదు. మొదటి శనివారం మేనకోడలు ‘అత్తా, నీకింకా రాలేదా?’ అని జాలిగా అడిగింది. తర్వాతి వారాల్లో అదే ప్రశ్న కాస్త విసుగ్గా వచ్చింది. ఆ తర్వాత అడగడం మానేసింది. ముగ్గురూ కలిసి కొత్త ఆట మొదలుపెట్టుకున్నారు. వాళ్లను నేనేమీ అనను. నేనైనా అదే చేసేదాన్ని.

అసలు చిరాకు తర్వాత మొదలైంది. ఎట్టకేలకు మ్యాక్‌కు అప్‌డేట్ వచ్చింది. నలుగురం మళ్లీ చేరాం, కొత్త పటం ఎంచుకున్నాం, దేశాలు పంచుకున్నాం. రెండు రోజులు తిరక్కుండానే విండోస్‌కు ఒక చిన్న సవరణ వదిలారు. ఆటలో వాణిజ్య మార్గాల లెక్క ఎక్కడో తప్పుతోందట. సవరణ చిన్నదే, కానీ వెర్షన్ నంబరులో చివరి అంకె మారింది. గది పేరు మళ్లీ బూడిద రంగులోకి వెళ్లిపోయింది. పెద్ద అప్‌డేట్ తర్వాత ఇలాంటి చిన్న సవరణలు వరుసగా వస్తాయి, అది అన్ని ఆటలకూ మామూలే. ప్రతి చిన్నదానికీ మ్యాక్ వెనుకపడుతూ పోతే, ఇద్దరూ ఒకే వెర్షన్ మీద ఉండే రోజులు ఏడాదిలో ఎన్ని మిగులుతాయో కంపెనీ ఎప్పుడైనా లెక్కవేసిందా అని నా అనుమానం.

ఆలస్యం మ్యాక్ వాళ్లకు కొత్తకాదు. సివిలైజేషన్ నాలుగో ఆట విండోస్‌కు 2005 అక్టోబరులో వస్తే మ్యాక్‌కు 2006 జూన్ దాకా రాలేదు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ మూడోదానికి ఏడాది పైగా పట్టింది. హేలో సంగతి మరీ విచిత్రం. 1999లో స్టీవ్ జాబ్స్ మ్యాక్‌వరల్డ్ అనే మ్యాక్ ప్రదర్శన వేదిక మీద నిలబడి ఆ ఆటను మ్యాక్ మీద లోకానికి చూపించారు. మరుసటి ఏడాది దాన్ని తయారుచేస్తున్న బంగీ కంపెనీని మైక్రోసాఫ్ట్ కొనేసింది. ఆట 2001లో మైక్రోసాఫ్ట్ వారి గేమ్ కన్సోల్ ఎక్స్‌బాక్స్‌కు, 2003లో విండోస్‌కు వచ్చి, ఆ ఏడాది చివర డిసెంబరులో మ్యాక్‌కు చేరింది. అప్పట్లో మేం అన్నిటికీ ఎదురుచూశాం. ఎదురుచూడటంలో పెద్ద నష్టం లేదు, రాని ఆటకు ఎవరూ డబ్బు కట్టలేదు కదా. అప్‌డేట్ ఆలస్యం అలాంటిది కాదు. అది నేను ఇప్పటికే కొనుక్కున్న ఆటలో, నిన్నటిదాకా చేతిలో ఉన్న సౌకర్యాన్ని పట్టుకుపోతుంది. కొత్త దేశాలు, కొత్త సైనికులు నాకు నెల తర్వాత వచ్చినా బాధ లేదు. నా పాత ఆట నన్ను ఆడుకోనివ్వండి. నా గొడవంతా ఇంతే. కంపెనీల జవాబుల్లో మాత్రం ఈ రెండు ఆలస్యాలూ ఎప్పుడూ ఒకటిగానే కలిసిపోతాయి.

వెర్షన్లు తేడా వస్తే గది తలుపు మూసేయడం వాళ్ల మొండితనమని నేను అనడం లేదు. అందులో సాంకేతికంగా నిజమైన కారణం ఉంది. ఇలాంటి వ్యూహాల ఆటల్లో చాలావాటికి పటం, సైన్యాలు, నగరాలు ఎక్కడో ఒక సర్వర్‌లో ఉండవు. ఇద్దరు మనుషులు ఫోనులో చదరంగం ఆడుతున్నట్టు, ఎవరి బల్ల మీద వాళ్లకు పూర్తి పటం ఉంటుంది, ఎత్తులు మాత్రమే అవతలికి వెళ్తాయి. అవతలి కంప్యూటర్ ఆ ఎత్తును తన దగ్గర అవే నియమాలతో మళ్లీ లెక్కవేసుకుంటుంది. రెండుచోట్లా ఒకే ఫలితం రావాలి. వచ్చిందో లేదో సరిచూడటానికి మధ్యమధ్యలో మొత్తం స్థితికి ఒక లెక్క తీసి పోల్చుకుంటాయి. ఒక్క విలుకాడి బలం ఒకచోట అయిదు, ఇంకోచోట ఆరు అయితే చాలు, అక్కడి నుంచి రెండు ప్రపంచాలూ వేరైపోతాయి. ఆటగాళ్లు దీన్ని డీసింక్ అంటారు. కాబట్టి నియమాలు మారిన వెర్షన్‌కూ మారని వెర్షన్‌కూ పొత్తు కుదరదు. అంతవరకు ఒప్పుకుంటాను.

ఒకే వెర్షన్ ఉన్నా మ్యాక్‌కూ విండోస్‌కూ ఈ లెక్క తప్పే ప్రమాదం ఉంది. దశాంశ సంఖ్యలను ప్రాసెసర్లు చివరి అంకె దగ్గర ఎలా సర్దుతాయన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉండవచ్చు. సైన్, కొసైన్ లాంటివి లెక్కగట్టే భాగాలు ఒక్కో వ్యవస్థలో ఒక్కో రకంగా రాసి ఉంటాయి. కంటికి ఆనని ఆ తేడా కొన్ని వందల ఎత్తుల తర్వాత ఒక నగరం పడిపోవడమో నిలవడమో అవుతుంది. కంపెనీ ఆఫ్ హీరోస్ రెండో ఆట 2015లో మ్యాక్‌కు, లైనక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌కు వచ్చినప్పుడు ఆ రెండు వ్యవస్థల వాళ్లు తమలో తాము ఆడుకోగలిగారు గానీ విండోస్ వాళ్లతో ఆడలేకపోయారు. కొన్నవాళ్లకు అది నచ్చి ఉండకపోవచ్చు. కానీ ఆ సంగతి అమ్మేచోటే ముందుగా రాసిపెట్టారు, తెలిసే కొన్నారు.

ఈ కష్టాలన్నీ ఉన్నవే అయినా, దాటలేనివి కావు. దాటినవాళ్లు చాలాకాలంగా ఉన్నారు. ఇందాక చెప్పిన బంగీ కంపెనీయే 1997లో మిత్ అనే ఆటను మ్యాక్‌కూ విండోస్‌కూ ఒకేసారి ఇచ్చింది. రెండు వైపుల వాళ్లూ ఇంటర్నెట్‌లో ఒకే చోట చేరి ఒకరితో ఒకరు తలపడ్డారు. ఫోను తీగల మీద మోడెములు కూతపెట్టే కాలం అది. అప్పటి మ్యాక్‌లో ప్రాసెసర్ కుటుంబమే వేరు, సంఖ్యలను జ్ఞాపకంలో పేర్చుకునే వరుస కూడా తిరగబడి ఉండేది. అయినా ఆడించారు. బ్లిజార్డ్ అనే ఆటల కంపెనీ 2002లో వార్‌క్రాఫ్ట్ మూడో ఆటను మ్యాక్, విండోస్ రెండింటికీ ఒకే డిస్కులో పెట్టి అమ్మింది. 2004లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌కూ అదే చేసింది. ఆ ఆటలో ఎదుటివాడి యంత్రం ఏదో ఎవరికీ తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. 2020 నవంబరులో యాపిల్ సొంత చిప్ ఎం1తో మ్యాక్‌లు వచ్చినప్పుడు, ఆ నెలలోనే దానికి తగ్గట్టు ఆటను సిద్ధం చేశారు. ఫ్యాక్టోరియో అనే ఆటైతే నేను పైన చెప్పిన చదరంగం పద్ధతిలోనే నడుస్తుంది. వేలాది యంత్రాలు, పట్టాలు, రైళ్లు ప్రతి క్షణం అన్ని కంప్యూటర్లలో అచ్చంగా ఒకేలా కదలాలి. విండోస్, మ్యాక్, లైనక్స్ వాళ్లు అందులో ఒకే కార్ఖానాలో పనిచేస్తారు. పెద్ద సంస్థల దగ్గర ఉన్నంత బలగం ఆ తయారీదారులకు లేదు. మొదటి నుంచీ మూడు వ్యవస్థలనూ మనసులో పెట్టుకుని రాసుకున్నారు, తేడా అక్కడే ఉంది.

మైన్‌క్రాఫ్ట్ ఒక్కటే చాలు ఈ కథంతా అర్థం కావడానికి. దాని జావా ఎడిషన్ మ్యాక్‌కూ విండోస్‌కూ లైనక్స్‌కూ ఒకే రోజున అప్‌డేట్ అవుతుంది, మూడింటి వాళ్లూ ఒకే సర్వర్‌లో తిరుగుతారు. ఫోన్లలో, ట్యాబ్లెట్లలో, గేమ్ కన్సోళ్లలో నడిచేది బెడ్‌రాక్ ఎడిషన్. అది మ్యాక్‌కు లేదు. జావా, బెడ్‌రాక్ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. అందువల్ల ఒకే ఇంట్లో ట్యాబ్లెట్ మీద ఆడే పిల్లవాడూ మ్యాక్ మీద ఆడే వాళ్లమ్మా ఒకే పేరున్న ఆటను కొనుక్కుని కూడా ఒకరి ఇల్లు ఒకరు చూడలేరు. పెట్టె మీద పేరు చూసి కొనేవాళ్లకు ఈ సంగతి ఎవరు చెప్పాలి?

మరి మిగతా ఆటల్లో ఆలస్యం ఎక్కడ పుడుతోంది? చాలా ఆటలను మ్యాక్‌కు తెచ్చేది వాటిని తయారుచేసినవాళ్లు కాదు. ఆ పనికే వేరే సంస్థలున్నాయి. అమెరికాలో ఆస్పైర్, బ్రిటన్‌లో ఫెరల్ ఇంటరాక్టివ్, రెండూ 1996లోనే మొదలయ్యాయి. వాళ్ల మీద నాకు కోపం లేదు సరికదా, వాళ్లు లేకపోతే మ్యాక్ మీద సగం ఆటలు ఉండేవే కావు. తయారీదారు విండోస్ అప్‌డేట్‌ను పూర్తిచేసి, పరీక్షించి, విడుదల చేశాకో, చేసే ముందో ఆ కోడ్ వీళ్ల చేతికి వస్తుంది. అక్కడి నుంచి వీళ్ల పని మొదలవుతుంది. విండోస్ ఆట బొమ్మలను తెర మీదికి తేవడానికి మైక్రోసాఫ్ట్ వారి డైరెక్ట్‌ఎక్స్‌ను వాడుకుంటుంది. మ్యాక్‌లో దానికి బదులు యాపిల్ వారి మెటల్ ఉంటుంది. నీటి మెరుపు, పొగమంచు, మంట, నీడ, ప్రతిదానికీ రాసిన చిన్న చిన్న ప్రోగ్రాములను ఒక భాష నుంచి ఇంకో భాషకు మార్చాలి. తర్వాత మళ్లీ పరీక్షలు, యాపిల్ స్టోరులో అమ్మేటట్టయితే అక్కడి పరిశీలన. ఇదంతా జరిగేలోపు తయారీదారు ఇంకో సవరణ వదులుతాడు. పుస్తకాల పనిలో ఈ బాధ నాకు బాగా తెలుసు. పేజీలన్నీ కూర్చి సూచిక కూడా తయారయ్యాక, మూడో అధ్యాయంలో ఒక పేరా చేర్చాలని రచయిత ఫోను చేస్తారు.

ఈ ఏర్పాటులో పోర్ట్ చేసేవాళ్లు, అంటే ఆటను ఇలా మ్యాక్‌కు మార్చేవాళ్లు, ఎంత చురుకైనవాళ్లయినా రెండో వరుసలోనే ఉంటారు. కోడ్ ముందుగా చేతికి రావాలి, విడుదల తేదీ ఇద్దరూ కలిసి పెట్టుకోవాలి. అది తయారీదారు తీసుకోవాల్సిన నిర్ణయం. నిర్ణయం తీసుకుంటే ఏమవుతుందో ఈ మధ్యే చూశాం. సివిలైజేషన్ ఏడో ఆట 2025 ఫిబ్రవరిలో విండోస్, మ్యాక్, లైనక్స్, కన్సోళ్లు అన్నింటికీ ఒకే రోజున వచ్చింది. ఇరవై ఏళ్ల కిందట నాలుగో ఆటకు ఎనిమిది నెలలు కాచుకున్నవాళ్లకు ఆ విలువ తెలుస్తుంది. బాల్డర్స్ గేట్ మూడో ఆట 2023 ఆగస్టులో విండోస్‌కు, సెప్టెంబరులో మ్యాక్‌కు వచ్చింది. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఎనిమిదో ప్యాచ్‌తో, అంటే ఎనిమిదో పెద్ద సవరణతో, విండోస్, మ్యాక్, కన్సోళ్ల వాళ్లు ఒకే బృందంలో కలిసి ఆడే వీలు కల్పించారు. ఆలస్యంగానే అయినా ఇచ్చారు.

ఇక మ్యాక్ వాళ్లు తక్కువమంది అనే వాదన. తక్కువే, కాదనను. కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ స్టోరు స్టీమ్ వారు నెలనెలా వేసే లెక్కల్లో మ్యాక్ వాటా వందలో రెండు అటూ ఇటూగా ఉంటుంది. రాకెట్ లీగ్ తయారీదారులు 2020 మార్చిలో మ్యాక్, లైనక్స్‌లకు ఆన్‌లైన్ ఆటను ఆపేస్తూ, ఆ రెండూ కలిపి ఆడేవాళ్లలో 0.3 శాతం కూడా లేరని చెప్పారు. ఆట లోపలి భాగాన్ని డైరెక్ట్‌ఎక్స్ 9 నుంచి 11కు మారుస్తున్నామనీ, ఇంత తక్కువమంది కోసం వేరే దారి వేయలేమనీ కారణం చూపారు. 2023 సెప్టెంబరులో కౌంటర్ స్ట్రైక్ రెండో ఆట పాతదాని స్థానంలోకి వచ్చింది. పాతది 2012లో మొదలైనప్పటి నుంచీ మ్యాక్ మీద ఉంది, కొత్తది లేదు. మ్యాక్ వాళ్లు ఒక శాతం లోపేనని అక్కడా అన్నారు. డబ్బు తిరిగి ఇచ్చే ఏర్పాటు ఇద్దరూ ఎంతో కొంత చేశారు, అది చెప్పకపోతే అన్యాయం. అయితే ఒక్కమాట అడుగుతాను. నెలల తరబడి స్నేహితులతో ఆడనివ్వని ఆటలో మ్యాక్ వాళ్లు ఎందుకు మిగులుతారు? మా ఇంట్లోనే చూడండి. ముగ్గురూ కొత్త ఆట మొదలుపెట్టాక నేను ఆ ఆట తెరవడం దాదాపు మానేశాను. కంపెనీ లెక్కల్లో ఆ నెల మ్యాక్ ఆటగాళ్లలో ఒకరు తగ్గారు. వచ్చే ఏడాది సమావేశంలో ఎవరో ఆ అంకె చూపించి, వీళ్లకు ఆసక్తి లేదని తేల్చేస్తారు.

ఇందులో యాపిల్ నిర్దోషి అని మాత్రం అనుకోకండి. ఆ మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే మ్యాక్ వాళ్లకు తమ కంపెనీ తప్పు కనిపించదంటారు. మ్యాక్‌లో ఆటలు బొమ్మలు గీయడానికి వాడుకునే పాత పద్ధతి ఓపెన్‌జీఎల్‌ను పక్కన పెడుతున్నామని 2018లో ప్రకటించారు. 2019లో కాటలీనా అనే మ్యాక్ సిస్టమ్ వెర్షన్‌తో, పాత తరహా 32-బిట్ ప్రోగ్రాములన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. డబ్బు పెట్టి కొన్న ఎన్నో పాత ఆటలు ఆ ఒక్క మార్పుతో బొమ్మ గుర్తు మీద అడ్డగీతతో మిగిలాయి. 2020లో ఇంటెల్ ప్రాసెసర్లు వదిలి సొంత చిప్‌లకు మారడం మొదలుపెట్టారు. అదే మ్యాక్ మీద విండోస్ పెట్టుకునేందుకు 2006 నుంచి ఉన్న బూట్ క్యాంప్ దారి కొత్త చిప్‌లతో మూసుకుపోయింది. ఇంటెల్ కాలం నాటి ఆటలను కొత్త చిప్‌ల మీద నడిపిస్తున్న రొజెటా కూడా ఇక ఎంతోకాలం పూర్తి రూపంలో ఉండదని 2025లో చెప్పారు. పాత ఆటల కోసం కొంత భాగం ఉంచుతారట, చూడాలి. ఒక పక్క 2023లో విండోస్ ఆటలను మ్యాక్‌కు తెచ్చేందుకు గేమ్ పోర్టింగ్ టూల్‌కిట్ అనే సాధనాలు ఇచ్చి రండి రండి అని పిలుస్తారు, ఇంకో పక్క కొన్నేళ్లకోసారి నేల కదిలిస్తారు. చిన్న తయారీదారు ఎన్నిసార్లు ఇల్లు సర్దుకుంటాడు?

ఇద్దరు పెద్దలు కొట్లాడుకుంటే ఏమవుతుందో 2020 ఆగస్టులో ఫోర్ట్‌నైట్ ఆడేవాళ్లు చూశారు. చెల్లింపుల వివాదంలో యాపిల్, ఆ ఆట తయారుచేసే ఎపిక్ తెగదెంపులు చేసుకున్నాయి. ఆ నెల 27న కొత్త సీజన్ మొదలైంది. మ్యాక్, ఐఫోన్ వాళ్లు 13.40 వెర్షన్ దగ్గర ఆగిపోయారు. ఆట తెరుచుకునేది, కానీ లోపల తమలాగే ఆగిపోయినవాళ్లు తప్ప ఇంకెవరూ ఉండేవారు కాదు. వివాదంలో ఎవరిది న్యాయమో కోర్టులు చూసుకుంటాయి. నిన్న రాత్రి దాకా కలిసి ఆడిన పిల్లలకు ఆ తీర్పుతో పనిలేదు.

క్లౌడ్‌లో ఆడుకోవచ్చు కదా అని మా తమ్ముడే సలహా ఇచ్చాడు. ఎక్కడో ఉన్న విండోస్ కంప్యూటర్ మీద ఆట నడుస్తుంది, దాని బొమ్మ మాత్రం నా మ్యాక్ తెర మీదికి వస్తుంది. కొన్ని ఆటలకు బాగానే పనిచేస్తుంది. కానీ మ్యాక్ కోసమని అమ్మిన ఆటను నేను కొన్నాక, దాన్ని ఆడటానికి ఇంకొకరి విండోస్‌ను అద్దెకు తీసుకోమనడం ఏం న్యాయం? మోసగాళ్లను పట్టే యాంటీ చీట్ ప్రోగ్రాములు విండోస్‌లో బాగా లోతుకు, సిస్టమ్ మొత్తాన్ని నడిపే కెర్నెల్ దాకా వెళ్తాయి, మ్యాక్‌లో యాపిల్ అంత లోతుకు ఎవరినీ రానివ్వదు, అందుకే కొన్ని కాల్పుల ఆటలు ఇటు రావు అని కూడా వాడు చెప్పాడు. అది నిజమే. మా నలుగురి ఆటకు దానితో సంబంధం లేదు. బావగారు మోసం చేసేటంత వేగంగా ఆడరు.

డబ్బు తీసుకున్నవాళ్లు బాధ్యతగా ఎలా ఉండవచ్చో చెప్పడానికి ఒక ఉదాహరణ నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. 2015 జూన్‌లో ఫైనల్ ఫాంటసీ పద్నాలుగో ఆటను మ్యాక్‌కు తెచ్చారు. విండోస్ మీద నడిచినంత బాగా నడవలేదు. కొద్ది రోజుల్లోనే దాని అమ్మకం ఆపేశారు. దర్శకుడు నవోకీ యోషిదా ఆటగాళ్లకు క్షమాపణ చెప్పి, డైరెక్ట్‌ఎక్స్‌కూ ఓపెన్‌జీఎల్‌కూ మధ్య తేడాల వల్ల ఎక్కడ దెబ్బతిన్నదో వివరంగా రాశారు. కావాలన్నవాళ్లకు డబ్బు వెనక్కి ఇచ్చారు. మరుసటి ఏడాది బాగుచేసి మళ్లీ అమ్మకానికి పెట్టారు. ఆ వివరణ చదివిన మ్యాక్ వాడికి కోపం రాకుండా ఉండకపోవచ్చు, తనను మనిషిగా చూశారని మాత్రం అనిపిస్తుంది. మేం ఆడే ఆట కంపెనీకి నేను రాసిన ఉత్తరానికి వచ్చిన జవాబు, మీ ఆసక్తికి ధన్యవాదాలతో మొదలై, మా ఇతర ఆటలు కూడా చూడండితో ముగిసింది. మధ్యలో తేదీ లేదు.

నేను అడుగుతున్నది పెద్దదేం కాదు. మ్యాక్‌కు అప్‌డేట్ వచ్చేదాకా విండోస్ వాళ్లకు పాత వెర్షన్‌ను బీటాల జాబితాలో ఉంచండి. కావాలనుకున్నవాళ్లు దాన్ని ఎంచుకుంటారు, మిగిలినవాళ్లు కొత్తదానిలో ఉంటారు. చాలా ఆటల్లో ఇది ఇప్పటికే ఉంది. పాత ఫైళ్లు ఉండనే ఉంటాయి, వాటిని కనిపించేలా పెట్టడమే పని. ఇది చేసి ఉంటే మా శనివారాలు ఒక్కటి కూడా పోయేవి కావు. అమ్మేచోట, మ్యాక్ గుర్తు పక్కనే, విండోస్ వాళ్లతో ఆడవచ్చో లేదో, యాపిల్ స్టోరులో కొన్న ప్రతికీ స్టీమ్‌లో కొన్న ప్రతికీ పొత్తు కుదురుతుందో లేదో రాయండి. ఈ రెండో సంగతి చాలామందికి తెలియదు. ఒకే మ్యాక్, ఒకే ఆట అయినా కొన్నచోటు వేరైతే మల్టీప్లేయర్‌లో ఒకరికొకరు కనిపించని ఆటలు ఉన్నాయి. అప్‌డేట్ ఎప్పుడు వస్తుందో తెలియకపోతే, తెలియదని రాయండి. ఆ మాట చదివి నేనేదో ఒక నిర్ణయం తీసుకుంటాను. కొననైనా మానుకుంటాను, తమ్ముడి పాత కంప్యూటరైనా అడిగి తెచ్చుకుంటాను.

ఇక మీ పత్రికకు. ఆటల పేజీ చూసేవారు ఎవరో నాకు తెలియదు, బాగా రాస్తారు, పిల్లలకూ పెద్దలకూ అర్థమయ్యేలా రాస్తారు. కంపెనీ పంపిన ప్రకటనలో మొదటి రెండు పేరాలతో ఆగకుండా అడుగు దాకా చదవమని వారికి చెప్పండి. ఆట గురించో అప్‌డేట్ గురించో రాసిన ప్రతిసారీ, చివర ఒక్క లైను చేర్చండి: ఏ యంత్రాలకు ఈ రోజు వచ్చింది, ఏవాటికి రాలేదు, వేర్వేరు యంత్రాల వాళ్లు కలిసి ఆడవచ్చా లేదా. గత ఆదివారం ఆ పేజీలో యుద్ధనౌక బొమ్మ మూడు కాలమ్‌ల వెడల్పున వేశారు. దాన్ని ఒక లైనంత పైకి కుదిస్తే సరిపోయేది. చోటు లేదని మాత్రం నాతో అనకండి, చోటు చేయడమే నా వృత్తి.

ఇట్లు,
పుస్తకాల పేజీలు కూర్చే ఒక పాఠకురాలు